పాలిపోయిన ముఖానికి ఇనుము ఒక్కటే మందా?

ముఖం పాలిపోయినా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చినా "రక్తం తక్కువైంది" అనుకొని ఇనుము టానిక్కు తెచ్చుకొనడం మన ఇళ్లలో పరిపాటి. ఎక్కువమందిలో ఇనుము లోపమే కారణమన్నది నిజమే. అయితే రక్తం తయారు కావడానికి ఇనుము ఒక్కటే చాలదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని 16వ అధ్యాయం పాండురోగాన్ని ఐదు విధాలుగా విభజించింది. దానిని బోధించేటప్పుడు మా గురువుగారు, "రంగును చూసి కాదు, కారణాన్ని చూసి ఔషధమివ్వండి" అనేవారు.

రక్తకణం పుట్టుక

ఎర్ర రక్తకణాలు ఎముకల మూలుగలో పుట్టి సుమారు 120 రోజులు జీవిస్తాయి. కనుక కొత్త కణాలు నిరంతరం తయారవుతూ ఉండవలెను. వాటిలోని హిమోగ్లోబిన్‌కు ఇనుము అవసరం. కణాలు విభజన చెందడానికి బి-12 విటమిన్, ఫోలిక్ ఆమ్లం అవసరం. ఇనుము లోపిస్తే కణాలు చిన్నవవుతాయి. ఈ విటమిన్లు లోపిస్తే కణాలు పరిపక్వం కాక, పెద్దవిగా, తక్కువ సంఖ్యలో తయారవుతాయి.

1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన అమెరికా పరిశోధక బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అంతకుముందు ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

పొంచి ఉన్న ప్రమాదం

బి-12 నరాలకు కూడ ఆధారం. అది లోపించినవారు ఫోలిక్ ఆమ్లం మాత్రమే వాడితే రక్తం మెరుగుపడినట్లు కనిపిస్తుంది. నరాల క్షీణత మాత్రం లోలోపల సాగిపోతుంది.

నా వద్దకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చారు. శాకాహారి, పాలు పడవని మానివేశారు. ఆరు నెలలుగా ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడగా రక్తం పెరిగింది. కాని అరికాళ్ల తిమ్మిర్లు తగ్గలేదు. చీకటిలో నడక తూలుతున్నది. వాతమనుకొని తైలమర్దనం కోరారు. పరీక్షలో బి-12 బాగా తక్కువని తేలింది. ఆధునిక వైద్యునిచేత సూదిమందు వేయించగా కొన్ని నెలలకు నడక కుదుటపడింది. తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోలేదు.

ఏది ఎందులో లభిస్తుంది?

ఫోలిక్ ఆమ్లం: పాలకూర, తోటకూర, పెసలు, శనగలు, బెండకాయలలో లభిస్తుంది. ఆకుకూరలను ఎక్కువసేపు ఉడికించరాదు. ఉడికిన నీటిని పారబోయరాదు.

బి-12: రోజుకు కావలసినది రెండు, రెండున్నర మైక్రోగ్రాములు మాత్రమే. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. ఆకుకూరలలో, పప్పులలో ఉండదు.

సి విటమిన్: ఉసిరి, నిమ్మరసం భోజనంలోని ఇనుము వంటబట్టడానికి తోడ్పడతాయి. భోజనం కాగానే కాఫీ, టీ త్రాగితే అది తగ్గుతుంది.

మండూర భస్మం, నవాయస లోహం ఇనుముతో కూడిన ఔషధాలు. అవి బి-12 కొరతను తీర్చలేవు.

గృహస్థులకు సూచన

పాలు కూడ తీసుకొనని శాకాహారులు, వృద్ధులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలకాలంగా వాడుతున్నవారు బి-12 విషయంలో జాగ్రత్త వహించవలెను. పాలిపోవడంతోపాటు నాలుక ఎర్రబడి నున్నబడడం, పాదాలలో తిమ్మిర్లు, మతిమరుపు కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించుకొనండి. రక్తం తిరిగి పెరుగుతుంది. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకొనకపోవచ్చు.