ఎలిజబెత్ గెలిచాక

సౌమ్యా,

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. 1619లో వర్జీనియాలో బానిసత్వం మొదలైందని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. ఆ ఏడు పాయింట్ కంఫర్ట్ దగ్గర ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను ఓడలోంచి దించి, తిండి సరుకులకు మార్చుకున్న మాట నిజమే. కానీ వాళ్లను జీవితాంతం కట్టేసే శాసనం అప్పటికి అక్కడ లేదు. వాళ్లలాంటివాళ్లు కొందరు తర్వాత విడుదలై భూములు కూడా సంపాదించారు.

1640లో ముగ్గురు పనివాళ్లు మేరీలాండ్‌కు పారిపోయి దొరికిపోయారు. తలా 30 కొరడా దెబ్బలు. డచ్చివాడికీ స్కాట్లండువాడికీ అదనంగా నాలుగేళ్ల చాకిరీ వేశారు. మూడోవాడు జాన్ పంచ్, నల్లవాడు. అతనికి మాత్రం బతికినంతకాలం చాకిరీ! అయితే అది కోర్టు తీర్పు, ఇంకా చట్టం కాలేదు. మసాచుసెట్స్ వాళ్లు మాత్రం 1641లోనే, అదీ పౌరుల హక్కుల పత్రంలోనే, యుద్ధఖైదీలకూ అమ్ముడై వచ్చినవాళ్లకూ బానిసత్వం చెల్లుతుందని రాసుకున్నారు.

నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన ఎలిజబెత్ కీ దావాయే నా దృష్టిలో అసలు కథ. తండ్రి ఆంగ్లేయుడు, వర్జీనియా శాసనసభ్యుడు. తల్లి నల్లజాతి బానిస. యజమాని పోయాక ఎలిజబెత్‌ను అతని ఆస్తి కింద జమకడితే ఆమె కోర్టుకెక్కింది. మా నాన్న స్వతంత్రుడు, నేను బాప్తిస్మం పొందినదాన్ని, నా చాకిరీ ఒప్పందం గడువు ఎప్పుడో దాటిపోయింది అని వాదించింది. 1656లో గెలిచింది. తన తరఫున వాదించిన విలియం గ్రిన్‌స్టెడ్‌నే పెళ్లాడింది కూడా.

తర్వాతి సంవత్సరాలు చూడు. 1662లో, బిడ్డ స్థితి తల్లిని బట్టే అని చట్టం వచ్చింది. తండ్రిని బట్టి చూసే ఇంగ్లండు ఆనవాయితీని తలకిందులు చేశారు. యజమానికి తన బానిస స్త్రీ వల్ల బిడ్డ పుడితే, ఆ బిడ్డా అతని ఆస్తే. 1667లో, బాప్తిస్మంతో విడుదల రాదని ఇంకో చట్టం. ఎలిజబెత్ వాదనల్లో రెండు ఇక ఎవరికీ అక్కరకు రాకుండా పోయాయి. 1669లో ఇంకా తెగించారు. దండించేటప్పుడు బానిస చనిపోతే యజమానిది నేరం కాదట. కావాలని తన ఆస్తిని తానే ఎవరు పాడుచేసుకుంటారన్నది వాళ్ల తర్కం. లా చదువుతున్నదానివి, ఆ చట్టం పాఠం తెచ్చుకుని స్వయంగా చదువు.

1705లో ఈ ముక్కలన్నీ కలిపి పెద్ద చట్టం చేశారు. అదే ఏడు ఇంకో చట్టంతో బానిసలను స్థిరాస్తిగా లెక్కగట్టారు. నీ వ్యాసం అక్కడ ముగియాలి. మొదలు మాత్రం 1656 నుంచి పెట్టి, మళ్లీ రాసి పంపు.

మీ తాతయ్య