అర్జీలో తేదీ

నరసరావుపేట

చి. మనవరాలికి,

ఒంగోలు కేసులో ట్రాన్స్ మహిళ గెలిచిందని మీ లా కాలేజీలో అనుకున్నారట. సగమే గెలిచిందమ్మా.

భర్త, అత్తమామలు వేధించారని ఆమె ఐపీసీ 498ఎ కింద కేసు పెట్టింది. పిల్లల్ని కనలేని మనిషి ఆడది ఎట్లా అవుతుందని అవతలివాళ్ల వాదన. (పిల్లల్లేని కోడళ్లు మన అరుగుల మీద ఎన్నిసార్లు వినలేదు ఆ మాట!) 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. ఆడతనాన్ని కాన్పుతో కొలవడం రాజ్యాంగంలోని 14, 15, 21 అధికరణాలకు విరుద్ధమన్నారు, ట్రాన్స్ మహిళ కూడా 498ఎ కింద ఫిర్యాదు చేయొచ్చన్నారు. అయినా కేసు నిలవలేదు. ఆరోపణలు పైపైన ఉన్నాయని, ఆధారాలు లేవని కొట్టేశారు.

అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ప్లీడరు గుమస్తాగా ఉన్న రోజుల్లో ఒక హిజ్రా నా బల్ల దగ్గరికొచ్చింది. అద్దింట్లోంచి సామాను వీధిలో పడేశారంది. ‘వేధిస్తున్నారు’ అని అర్జీలో ఒక్క ముక్క రాసి పంపేశాను. ఏ రోజు, ఎవరు, ఏ మాట అన్నారు, చూసిందెవరు, ఒక్కటీ అడగలేదు. పేరు కూడా ఆమె చెప్పింది కాకుండా పాత రేషన్ కార్డులోది ఎక్కించాను. ఆ అర్జీ ఎటూ కదల్లేదు.

అప్పటికి చట్టమూ లేదనుకో. తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014లో నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టం చదువు, కొలువు, వైద్యం, అద్దిల్లు, వీటన్నిట్లో వివక్షను నిషేధించింది. ఇంట్లోంచో ఊళ్లోంచో తరిమితే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు.

మాచర్ల దాటి కృష్ణ అవతలి గట్టుకు పోతే ఇంకో కథ. నైజాంలో 1919 నాటి చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. ఆడబట్టలతో వీధిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. విరాటుడు బృహన్నలకు నాట్యం నేర్పే కొలువిచ్చాడు, ఇక్కడేమో నాట్యమే నేరం! వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో కోర్టుకెక్కితే, 2023 జులైలో గానీ తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేయలేదు.

సెలవులకు వచ్చేటప్పుడు ఒంగోలు తీర్పు నకలు తెచ్చుకో. కొట్టేసిన పేరాలే ముందు చదువుదాం. ఆ ఫిర్యాదును నువ్వైతే ఎట్లా రాసేదానివో నాకు రాసి చూపించు. మొదటి వరుసలో తేదీ ఉండాలి.

తాతయ్య