విమానాశ్రయం, థీమ్ పార్కు: ఒకే బండికి రెండు చక్రాలు



ఏడో తరగతిలో మన హాస్టల్ విహారయాత్రలో రామోజీ ఫిల్మ్ సిటీ చూశాను. తిరిగొచ్చాక వార్డెన్ సారు "ఏం చూశారురా?" అని అడిగితే సెట్టింగులు, బొమ్మలు అని చెప్పాం. ఇప్పుడు ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతుంటే, ఆ రోజు చూడని సంగతి ఒకటుందని తెలిసింది. అక్కడికి జనం ఎలా వస్తున్నారు? వాళ్ళ డబ్బు ఎవరికి చేరుతోంది?

పర్యాటకుడు ఎవరు?

ఐక్యరాజ్యసమితి నిర్వచనం ప్రకారం బయటి ఊరి నుంచి వచ్చి కనీసం ఒక రాత్రి బస చేసినవాడే పర్యాటకుడు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడు ఒకరోజు సందర్శకుడు. ఈ తేడా చిన్నది కాదు. రాత్రి ఉంటేనే గది అద్దె, భోజనం, ఆటో కిరాయి, దుప్పట్లు ఉతికేవారికి పని. విమానాశ్రయం మనిషిని తెస్తుంది. థీమ్ పార్కు ఆ మనిషిని ఒక రోజు ఆపుతుంది.

ప్రపంచంలో రెండు ఉదాహరణలు

అమెరికాలోని ఓర్లాండో చుట్టూ ఒకప్పుడు నారింజ తోటలు. 1971లో అక్కడ డిస్నీ వరల్డ్ తెరిచారు. దగ్గరలోని మెకాయ్ వైమానిక స్థావరం పెద్ద పౌర విమానాశ్రయంగా మారింది. అందుకే నేటికీ దాని కోడ్ ఎం.సి.ఓ. హాంకాంగ్‌లో వరుస తిరగబడింది. లాంటావ్ దీవి పక్కన 1998లో విమానాశ్రయం, అదే దీవిలో 2005లో డిస్నీల్యాండ్ వచ్చాయి. విమానాశ్రయం కోసం వేసిన వంతెన, రైలు మార్గం పార్కుకూ పనికొచ్చాయి.

మన హైదరాబాద్

1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ నగరానికి తూర్పున, విజయవాడ రహదారి మీద ఉంది. 2008 మార్చిలో నగరానికి దక్షిణాన శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. ఈ రెంటినీ దగ్గర చేసింది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. 2016లో వచ్చిన వండర్‌లా పార్కు కూడా శంషాబాద్‌కూ విజయవాడ రహదారికీ మధ్య, ఆ రోడ్డు పక్కనే రావిర్యాలలో వెలిసింది. చక్రాలు రెండున్నా ఇరుసు లేనిదే బండి కదలదు. ఇక్కడ ఇరుసు రోడ్డు.

అయితే ఒక మెలిక ఉంది. ఫిల్మ్ సిటీలో సితార, తార అనే హోటళ్ళు లోపలే ఉన్నాయి. పర్యాటకుడు అక్కడే తిని అక్కడే పడుకుంటే, చాలా డబ్బు గోడ దాటి ఊళ్ళోకి రాదు. రెండో మెలిక, 2020లో కరోనా వల్ల దేశీయ విమానాలు రెండు నెలలు ఆగాయి, పార్కులూ మూతపడ్డాయి. ఒక్క బండినే నమ్ముకున్నవారు రోడ్డున పడ్డారు.

మన ఊళ్ళ సంగతి

మనకు సూర్యలంక సముద్రతీరం ఉంది. గన్నవరంలో విమానం దిగినవారు విజయవాడ నుంచి రైల్లో తెనాలి మీదుగా బాపట్ల చేరి, అక్కణ్ణుంచి ఆటోలో సుమారు 9 కిలోమీటర్లు వెళ్ళాలి. రేపల్లె నుంచి రైల్లో వచ్చేవారు తెనాలిలో బండి మారాలి. ఆదివారాల్లో, కార్తీక మాసంలో తీరం నిండా జనమే. కానీ చాలామంది స్నానం చేసి సాయంత్రానికి వెళ్ళిపోతారు. వాళ్ళు ఒక రాత్రి ఉండేలా చేయగలిగితే లాభం బాపట్లకూ తెనాలికీ పంచుకోవచ్చు.

స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద సూర్యలంక అభివృద్ధికి కేంద్రం నిధులు మంజూరు చేసింది. మంచిదే. కానీ మత్స్యకారులు పడవలు లాక్కునే చోటు పోకూడదు. చేపలు వండి అమ్మే అమ్మలకు దుకాణం దొరకాలి.

మా నాన్న రేపల్లె దగ్గర అరటితోటల్లో కూలీ. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి, ఇంకా విమానం ఎక్కలేదు. తమ్ముళ్ళారా, పర్యాటకం వస్తే ఊడ్చే పని మనకు ఎలాగూ ఇస్తారు. లెక్కలు చూసే కుర్చీ, గైడు ఉద్యోగం, హోటల్ నడిపే బాధ్యత చదువుంటేనే వస్తాయి. ఇంగ్లీషు, కంప్యూటరు ఇప్పటినుంచే నేర్చుకోండి. ఈసారి విహారయాత్రకు వెళ్ళినప్పుడు బొమ్మలతోపాటు రోడ్డునూ, గోడనూ, గోడ బయట నిలబడినవారినీ చూసి రండి.