పుటలలోని పటములు – వాని సంరక్షణము

ప్రతి సంవత్సరమును మన పాఠశాల వార్షిక సంచిక సిద్ధమగు దినములలో కంప్యూటరు గది విద్యార్థులతో నిండియుండును. వ్యాసములు టైపు చేయువారు కొందరు, ప్రూఫులు దిద్దువారు కొందరు, ఛాయాచిత్రములను పుటలలో కూర్చువారు మరికొందరు. అక్షరములయెడల చూపు శ్రద్ధను మన విద్యార్థులు పటములయెడల చూపుట లేదని మేము చాలకాలమునుండి గమనించుచున్నాము. ఒక అక్షరము తప్పిపోయినచో చదువరి దానిని మనస్సులో దిద్దుకొని చదువుకొనును. ఒక ముఖము చెడిపోయినచో దిద్దుకొనుట ఎవరి తరమును గాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసునుండి వెలువరించిన ‘చందమామ’ను చేతబట్టిన తెలుగు బాలుడు అక్షరములకంటె ముందుగా బొమ్మలనే చదివెను గదా! కావున కంప్యూటరుతో పుటలు కూర్చునపుడు పటములను ఎట్లు కాపాడుకొనవలయునో ఈ వ్యాసమున వివరింతుము.

సీసపు అక్షరములను చేతితో కూర్చిన కాలమున పటమనగా బ్లాకు. ఛాయాచిత్రమును సన్నని గళ్ల తెరగుండ మరల ఫొటో తీసి, పెద్దవియు చిన్నవియునగు చుక్కలుగా మార్చి, లోహపు రేకుపై ఆమ్లముతో చెక్కి, ఆ రేకును కొయ్యదిమ్మపై బిగించెడివారు. అది చేతికి తగులు వస్తువు. కంపోజిటరు దానిని అక్షరముల నడుమ బిగింపక మరచెనా, అచట గుంట కంటబడును. బ్లాకు లేకయే పుట అచ్చునకు పోవుట దాదాపు అసాధ్యము.

1985లో అమెరికాలోని ఆల్డస్ కంపెనీవారు పేజ్‌మేకరును వెలువరించిరి. బల్లమీది కంప్యూటరుతోనే పుటను సిద్ధపరచు ఈ పద్ధతికి డెస్క్‌టాప్ పబ్లిషింగు, క్లుప్తముగ డి.టి.పి., అని పేరు. 1994లో ఆల్డస్ కంపెనీ అడోబివారి వశమయ్యెను. 2001లో వచ్చిన 7.0 పేజ్‌మేకరుయొక్క చివరి ప్రధాన కూర్పు. అయినను అను ఫాంట్లతో కూడి అది తెలుగునాట డి.టి.పి. కేంద్రములలో పిమ్మటను చాలకాలము నిలిచినది. 1999లో ఇన్‌డిజైనును, 2003లో ఉచితముగ లభించు స్క్రైబసును వచ్చినవి. సాధనము ఏదైనను మూలసూత్ర మొక్కటియే.

ఆ సూత్ర మేమనగా: పుటల ఫైలులో మనము పటమును ఉంచితిమని తలంతుము గాని, సాధారణముగ అందు ఉండునది పటము కాదు. తెరమీద చూపుటకు ఒక పలుచని నకలును, అసలు పటము ఏ ఫోల్డరులో నున్నదో తెలుపు చిరునామాయును మాత్రమే యుండును. ఈ చిరునామానే లింకు అందురు. నూతిలో చంద్రబింబము కనబడినంతమాత్రమున చంద్రుడు నూతిలో నుండునా? అచ్చు వేయు వేళ యంత్రము ఆ చిరునామా పట్టుకొని అసలు పటమును వెదకును. దొరకినచో స్పష్టముగ ముద్రించును. దొరకనిచో ఆ పలుచని నకలునే ముద్రించును, లేదా చోటును ఖాళీగ విడుచును.

దీనిని మేము పుస్తకమునుండి గాక పొరపాటునుండి నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాలలో చిరకాలము గంట కొట్టిన వృద్ధుడొకడు ప్రభువునందు నిద్రించెను. ఆయన జ్ఞాపకార్థము సంచికలో ఒక పుట కేటాయించితిమి. ఆయన భార్య ట్రంకుపెట్టెలో దాచుకొనిన ఏకైక ఛాయాచిత్రమును తెచ్చి, స్కాను చేసికొని, తిరిగి యిచ్చితిమి. పిమ్మట పుటల ఫైలును మాత్రము పెన్‌డ్రైవులో వేసికొని దూరపు పట్టణములోని ముద్రణాలయమున అప్పగించితిమి. స్కాను చేసిన పటము సత్తుపల్లిలో, పాఠశాల కంప్యూటరులోనే యుండిపోయెను. సంచిక వచ్చినపుడు ఆ పుటలో నలుపు బూడిద గళ్లు తప్ప ముఖము లేదు. ఆ వృద్ధురాలు పుటపై చేయివైచి తడవి, “ఇందులో ఆయన మొకం ఏది సారూ?” అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. తప్పు ముద్రాపకునిది కాదు, మాది. స్కాను మా యొద్ద నుండుటచే ఆ ఛాయాచిత్రమును వేరుగ ముద్రింపించి, మిగిలిన ప్రతులన్నిటిలో మా చేతులతో అంటించి, మొదటి ప్రతిని ఆమెకిచ్చి వచ్చితిమి. ఆ దినమునుండి పాటించుచున్న నియమములను ఇచట వ్రాయుచున్నాము.

మొదటిది: సంచికకు ఒకే పెద్ద ఫోల్డరు ఏర్పరచి, అందులోనే పుటల ఫైలును, పటముల ఫోల్డరును ఉంచవలయును. పెన్‌డ్రైవునుండి గాని ఫోనునుండి గాని పటమును సూటిగ పుటలోనికి తేరాదు. ముందు ఫోల్డరులో చేర్చి, అచటనుండియే తేవలయును.

రెండవది: పుటసంఖ్యతో మొదలగు చిన్న పేరును ప్రతి పటమునకు ముందే పెట్టవలయును. పుటలో చేర్చిన పిమ్మట పేరు మార్చుట గాని, వేరొక చోటికి కదల్చుట గాని కూడదు. ఇల్లు మారినవాని పాత చిరునామాకు వ్రాసిన ఉత్తరము చేరదు గదా!

మూడవది: పటముయొక్క సాంద్రతను లెక్కించవలయును. ఛాయాచిత్రము చక్కగ అచ్చగుటకు, అచ్చులో నుండు కొలతకు అంగుళమునకు 300 చుక్కలు, అనగా పిక్సెళ్లు, సాధారణ ప్రమాణము. 4 అంగుళముల వెడల్పునకు 1200 పిక్సెళ్లు కావలయును. 600 పిక్సెళ్ల పటము 2 అంగుళములకే చాలును. దానిని 6 అంగుళములకు సాగదీసినచో అంగుళమునకు 100 మాత్రమే మిగిలి, ముఖములు మసకబారును. గీతలతో వేసిన నలుపు తెలుపు బొమ్మలకు 600 మొదలు 1200 వరకు అవసరము. వాట్సాపులో ఫొటోగా పంపిన పటము దారిలోనే కుదించబడును. కావున దానిని డాక్యుమెంటుగా పంపుమని కోరవలయును.

నాలుగవది: జేపెగ్ పటమును దిద్ది మరల మరల భద్రపరచినకొలది కొంత వివరము నశించును. అసలు పటమును ముట్టక, నకలును టిఫ్ రూపమున దిద్దుట మేలు. లోపలి పుటలు నల్లసిరాతో అచ్చగునెడల రంగుపటమును ముందే నలుపు తెలుపుగా మార్చి చూడవలయును. అట్టమీది రంగుపటము నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాలతో అచ్చగును; తెరమీది మెరుపంతయు కాగితముపై రాదు.

ఐదవది: పటమును ఒక ప్రక్కకే లాగి చోటు నింపరాదు. అట్లు చేసినచో సన్నని బాలుడు స్థూలకాయుడగును. ఎత్తు వెడల్పుల నిష్పత్తిని కాపాడి, అవసరమైనచో అంచులను కత్తిరింపవలయును. సామూహిక చిత్రమున చివరనున్నవానిని మాత్రము కత్తిరింపకుడు. వాని తల్లి ఆ పుటను వాని కొరకే తెరచును.

ఆరవది: అప్పగించుటకు ముందు లింకుల జాబితాను తెరచి చూడవలయును. ఇన్‌డిజైను దొరకని పటమునకు ఎర్రని గుర్తును, చేర్చిన పిమ్మట మారినదానికి పసుపుపచ్చని గుర్తును చూపును. స్క్రైబసులోని ‘మేనేజ్ ఇమేజెస్’ అను కిటికీ ప్రతి పటము ఏ ఫోల్డరులో నున్నదో, ఏ పుటలో నున్నదో, దాని సాంద్రత యెంతో తెలుపును. పిమ్మట పేజ్‌మేకరులో ‘సేవ్ యాజ్’ చేయునపుడు లింకైన ఫైళ్లన్నిటిని నకలు చేయుమని కోరుట, ఇన్‌డిజైనులో ‘ప్యాకేజి’, స్క్రైబసులో ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’ – వీనిచే పుటలును పటములును ఒకే చోట చేరును. పటములన్నియు ఇముడు పి.డి.ఎఫ్.ను కూడ ఇచ్చుట మంచిదే. కాని లింకు తెగియుండగా తీసిన పి.డి.ఎఫ్.లోను ఆ పలుచని నకలే యుండును. కావున దానిని పెద్దదిగ చేసి ప్రతి ముఖమును చూడుడు. వీలైనచో కాగితముపై ప్రూఫు తీయుడు.

ఖమ్మమునకో విజయవాడకో బస్సు ఎక్కుటకు ముందు మేము పటములను ఒకటొకటిగ లెక్కించుచున్నాము. తొంబదితొమ్మిది చేరినవి, ఒకటి పోయిన పోయినదని కాపరి అనుకొనడు. విద్యార్థులారా, మన సంచికలోని పటములు అలంకారములు కావు. మన చేతికి అప్పగింపబడిన మనుష్యుల ముఖములు. కొన్ని యిండ్లలో ఆ పుట తప్ప వేరొక ఛాయాచిత్రము లేదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని పనిచేయుడు.

అభ్యాసము
1. 1500 పిక్సెళ్ల వెడల్పుగల ఛాయాచిత్రమును ఎన్ని అంగుళములవరకు చక్కగ ముద్రింపవచ్చును?
2. తెరమీద స్పష్టముగ కనబడిన పటము అచ్చులో గళ్లుగా వచ్చుటకు గల కారణములు రెండు చెప్పుము.
3. నీ తరగతి సామూహిక చిత్రమునకు పేరు పెట్టి, ఫోల్డరులో చేర్చి, ఎడమనుండి కుడికి అందరి పేర్లను తప్పులేకుండ దాని క్రింద వ్రాయుము.