మోటారుబండి ముందుదీపములు: డిమ్ము, బ్రైటు తీగెలలోని లోపమును కనుగొనుట

గడచిన వానకాలమున ఒకనాటి రాత్రి మా పాఠశాల కారు వాలీబాలు పందెమునుండి అయిదుగురు బాలురను ఎక్కించుకొని కాలువగట్టు త్రోవను తిరిగి వచ్చుచుండెను. ఎదుటనుండి ఒక గృహస్థు మోటారుసైకిలుపై భార్యను, చంటిబిడ్డను కూర్చుండబెట్టుకొని వచ్చుచుండెను. మా బండికి ఎడమ దీపము చక్కగా వెలుగుచుండెను. కుడి దీపము మాత్రము ఆరిపోవు నిప్పుకణికవలె ఎఱ్ఱగా ఉండెను. ఒక్క దీపమునే చూచిన ఆయన మాదియు మోటారుసైకిలే అనుకొని, త్రోవ చాలునను ధైర్యముతో నడిరోడ్డుననే వచ్చెను. మా డ్రైవరు తటాలున బండిని పచ్చికలోనికి దింపుటచేత జేనెడు సందున ఆ కుటుంబము దాటిపోయెను. కొంతదూరము పోయి ఆయన బండి నిలిపి మమ్ము తిట్టెను. ఆ తిట్లకు మేము తగినవారమే. ఆ దీపము చెడి అప్పటికి మూడు వారములైనది.

మఱునాడు విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులమును, పై తరగతుల విద్యార్థులు కొందఱును కలిసి ఆ లోపమును వెదకితిమి. ఆ వెదకిన విధమును ఇచట చెప్పుదుము. ఇది కారు గలవారికి మాత్రమే పనికివచ్చునది కాదు. జీపునకును ట్రాక్టరునకును ఇదే న్యాయము; లారీలో 12 వోల్టులకు బదులు 24 వోల్టులు ఉండుటయే భేదము.

మొదట బల్బును చూడవలెను. మన పాతకార్లలో మిక్కిలి తఱచుగా కనబడు హెచ్4 బల్బు 1971లో వాడుకకు వచ్చినది. ఒకే గాజుబుడ్డిలో రెండు తంతువులను ఉంచు ఉపాయము అంతకంటె పాతది. జర్మనీదేశపు ఓస్రాము వారు 1925లోనే బైలక్స్ అను పేర అట్టి బల్బును అమ్మిరి. హెచ్4లో ఒక తంతువు దీపపు అద్దాల గిన్నెకు సరిగా నాభిస్థానమున ఉండును గనుక దాని కిరణములు తిన్నగా దూరమునకు పోవును. ఇదియే బ్రైటు. రెండవ తంతువు నాభికి కొంచెము ముందుగా ఉండును. దాని క్రింద చిన్న లోహపు దోసిలి ఒకటి పట్టబడి యుండును. ఆ దోసిలి అడ్డుటచేత వెలుగు గిన్నె పైసగమునకే తగిలి, అచటినుండి నేలవైపునకు వంగి వచ్చును. ఇదియే డిమ్ము. డిమ్మనగా వెలుగు తగ్గుటయని పలువురు తలంతురు, అది పొరపాటు. బ్రైటు తంతువు 60 వాట్లు, డిమ్ము తంతువు 55 వాట్లు. శక్తిలో భేదము స్వల్పమే. మాఱునది వెలుగు పోవు దిక్కు.

ఈ రెండు తంతువులకు నాలుగు కొసలు ఉండవలెను గదా, బల్బు వెనుక మూడు రేకులే ఏల ఉన్నవని ఒక బాలిక అడిగెను. మంచి ప్రశ్న. రెండు తంతువుల చెఱియొక కొసను లోపలనే కలిపి ఒక్క రేకునకు తెచ్చిరి. కావున ఒక రేకు డిమ్మునకు, ఒకటి బ్రైటునకు, మూడవది రెండింటికిని ఉమ్మడి. ఈ ఉమ్మడిరేకును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మా కథ అంతయు దానిపైననే నడచినది.

ఇక తీగెల త్రోవ. బ్యాటరీ ధనధ్రువమునుండి విద్యుత్తు ముందుదీపముల స్విచ్చికి, అచటినుండి డిప్పరు మీటకు వచ్చును. పాత ఇంగ్లీషు కార్లలో ఈ మీట ఎడమకాలిక్రింద నేలపై ఉండెడిది. తరువాతి కార్లలో స్టీరింగుచెంత చేతికందునట్లు పెట్టిరి. డిప్పరులో త్రోవ రెండుగా చీలును: ఒకటి బ్రైటు తీగె, ఒకటి డిమ్ము తీగె. ఆ రెండును ఫ్యూజులను దాటి ఎడమ కుడి దీపములకు పోవును. తిరుగుత్రోవకు వేఱుగా పొడవాటి తీగె ఉండదు. ఉమ్మడిరేకునుండి పొట్టి నల్లతీగె ఒకటి వచ్చి దగ్గఱనే కారు ఇనుపరేకునకు మరమేకుతో బిగింపబడును. కారు శరీరమంతయు ఋణధ్రువమునకు తగిలియున్నందున ఇనుమే తిరుగుత్రోవ యగును. దీనినే ఎర్తు అందురు. ఇంగ్లీషువారి పద్ధతిలో డిప్పరునకు వచ్చు తీగె నీలము, బ్రైటు నీలముపై తెల్లచార, డిమ్ము నీలముపై ఎఱ్ఱచార, ఎర్తు నలుపు. జర్మనులు రంగులకంటె అంకెలను నమ్మిరి: డిప్పరునకు వచ్చునది 56, బ్రైటు 56ఎ, డిమ్ము 56బి, ఎర్తు 31. అయితే జపానుదేశపు కార్లు కొన్నింటిలో ఉమ్మడిరేకునకే ధనధ్రువము వచ్చియుండి, మీట ఎర్తువైపున పనిచేయును. అట్టి బండిలో మేము చెప్పబోవునది తలక్రిందగును గనుక, పని మొదలుపెట్టుటకు పూర్వమే ఇది ఏ జాతిదో మీటరుతో తెలిసికొనవలెను.

కొంచెము లెక్క కూడ అవసరము. 60 వాట్లను 12 వోల్టులచే భాగించిన 5 ఆంపియర్లు వచ్చును. దీపములు రెండింటికి 10 ఆంపియర్లు. ఇంత ప్రవాహము నడచు త్రోవలో చిన్న అడ్డమైనను పెద్ద నష్టమును చేయును.

మేము మొదట చేసిన తప్పులను దాచము. కుడిబల్బు కాలిపోయినదని తలచి క్రొత్తబల్బు తెచ్చి పెట్టితిమి. అదియు ఎఱ్ఱగానే మిణుకుచుండెను. బజారులోని మెకానిక్కు చూచి డిప్పరు పోయినదనెను, దానినిగూడ మార్చితిమి. ఫలము లేకపోయెను. రెండింటికి అయిన సొమ్ముతో మా విజ్ఞానశాలకు మీటర్లు వచ్చియుండెడివి. కొంచెము ఆలోచించియున్నచో డిప్పరుమీద అనుమానమే కలుగదు. డిప్పరు రెండు దీపములకును ఒక్కటే. అది చెడినయెడల రెండును చెడవలెను. ఒక్కప్రక్క మాత్రము చెడినప్పుడు, ఆ ప్రక్కకు మాత్రమే చెందిన వస్తువులలో దోషము ఉండును: ఆ బల్బు, దాని హోల్డరు, దాని ఫ్యూజు, దాని ఎర్తు.

దారి చూపినవాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు. వానిని డ్రైవరు స్థానమున కూర్చుండబెట్టి మీటను మార్చుచుండుమని చెప్పి మేము ముందు నిలిచి చూచుచుంటిమి. వాడు తల బయటికి పెట్టి, “అయ్యవారూ, డిమ్ము వేసినప్పుడుకూడ నీలిదీపము కొంచెము వెలుగుచున్నదండీ” అనెను. బ్రైటు వేసినట్లు తెలుపుటకు డ్రైవరు ఎదుట ఉండు చిన్న నీలిదీపము అది. డిమ్మునందు అది వెలుగకూడదు. డిమ్ములో ఉండగా బ్రైటు తీగెలోనికి విద్యుత్తు ఏ త్రోవను వచ్చినది?

కుడిబల్బును మఱల పరికించితిమి. డిమ్ము వేసినప్పుడు దానిలో రెండు తంతువులును ఎఱ్ఱగా ఉండెను. అప్పుడు సంగతి తెలిసినది. కుడిదీపమునకు ఎర్తు లేదు. డిమ్ము తీగెనుండి వచ్చిన ప్రవాహము డిమ్ము తంతువును దాటి ఉమ్మడిరేకునకు చేరినది. అచట ఇంటికి పోవు వాకిలి మూయబడియున్నది. అందుచే అది బ్రైటు తంతువులో వెనుకకు ఎక్కి, బ్రైటు తీగెలో పడి, ఆ తీగెవెంట ఎడమదీపమునకు పోయి, అచటి బ్రైటు తంతువుగుండ ఎడమవైపు మంచి ఎర్తులో దిగినది. త్రోవలో నీలిదీపమునుగూడ పలుకరించినది. 12 వోల్టులు మూడు తంతువులు పంచుకొనగా ఒక్కొక్కదానికి సుమారు 4 వోల్టులు దక్కెను. అంతమాత్రమునకు తంతువు ఎఱ్ఱబడునే కాని వెలుగదు. ఎడమదీపమున మూడవ తంతువుకూడ ఎఱ్ఱబడియే యుండును; ప్రక్కనున్న డిమ్ము తంతువు ప్రకాశములో అది మాకు కనబడలేదు.

ఊహ నిజమైనచో దానిని పరీక్షించుట సులభము. డిమ్ము వేసియుండగానే ఎడమబల్బు హోల్డరును ఊడదీసితిమి. ఎడమదీపమునకు తగిలిన చేయి, కుడిదీపమును ఆర్పెను! నీలిదీపము మాత్రము మునుపటికంటె కాంతివంతమాయెను. ఇది ఏల జరిగినదో చదువరులైన విద్యార్థులు తామే ఒక కాగితముపై తీగెలను గీచి ఆలోచింతురుగాక. నీలిదీపపు తంతువు నిరోధము మిక్కిలి యెక్కువయని మాత్రము సూచించుచున్నాము.

తరువాత హోల్డరును మఱల తగిలించి మీటరును పట్టితిమి. నల్లకొసను బ్యాటరీ ఋణధ్రువముపై ఉంచి, ఎఱ్ఱకొసను ఎడమబల్బు ఉమ్మడిరేకునకు తాకించగా 0.1 వోల్టు చూపెను. కుడిబల్బు ఉమ్మడిరేకున దాదాపు 8 వోల్టులు చూపెను. మంచి ఎర్తువద్ద సున్నకు చేరువగా ఉండవలెను. ఈ పరీక్షను దీపము వేసియుండగానే చేయవలెను. దీపము ఆర్పి నిరోధమును కొలిచినచో, నూలుపోగంత రాగితీగె మిగిలియున్నను మీటరు “బాగుగా ఉన్నది” అని చెప్పి మోసగించును. 5 ఆంపియర్లు నడచినప్పుడే దాని బండారము బయటపడును. చివరగా కుడి ఉమ్మడిరేకునుండి బ్యాటరీ ఋణధ్రువమునకు ఒక తీగెను కలుపగానే దీపము పట్టపగలే కన్నులు చెదరునట్లు వెలిగెను.

దోషస్థానము కుడిచక్రపు మడ్గార్డు లోపల ఉండెను. మరమేకు పైకి గట్టిగానే ఉండెను. విప్పిచూడగా దాని అడుగున రంగుపొరయు, దానిమీద తుప్పును, రాగిపై పచ్చని చిలుమును ఉండెను. క్రిందటి యేడు బండికి రంగు వేయించినప్పుడు ఈ చోటను గోకకుండనే బిగించిరి. సముద్రపుగాలి మిగిలిన పని చేసినది. ముందుగా బ్యాటరీ ఋణధ్రువపు తీగెను ఊడదీసి, ఇనుమును గరుకుకాగితముతో తళతళలాడువఱకు రుద్ది, నల్లబడిన తీగెను రెండంగుళములు కోసి, ఎఱ్ఱని రాగి కనబడినచోట క్రొత్త కన్నురేకును నొక్కి బిగించి, పైన వాసెలీను పూసితిమి. అయిన ఖర్చు ఒక టీకంటె తక్కువ.

పనిలో పనిగా బ్రైటు వేసి, రెండు బల్బులకు ఎంత వోల్టేజి అందుచున్నదో చూచితిమి. బ్యాటరీవద్ద 12.2, బల్బువద్ద 10.6. పాతస్విచ్చియు సన్ననితీగెయు 1.6 వోల్టులను తినివేయుచున్నవి. 10 ఆంపియర్లకు 1.6 వోల్టులనగా 0.16 ఓము. ఇది చాల స్వల్పమని తలచవలదు. బల్బు వెలుగు వోల్టేజితో సమానముగా తగ్గదు, దాని మూడవ ఘాతమునకంటెను వేగముగా తగ్గును; 10.6 వోల్టులవద్ద రావలసిన వెలుగులో అయిదింట మూడు పాళ్లే వచ్చును. దీనికి మందు రిలే. స్విచ్చినుండి వచ్చు కొద్దిపాటి ప్రవాహము 85, 86 అను కొసలమధ్య విద్యుదయస్కాంతమును పనిచేయించును. అది 30ని 87తో కలుపగా, అసలు ప్రవాహము బ్యాటరీనుండి దగ్గఱిత్రోవన లావుపాటి తీగెలో దీపమునకు పోవును. ఆ తీగెకు బ్యాటరీ చెంతనే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండితీరవలెను. డిమ్మునకొకటి, బ్రైటునకొకటి పెట్టితిమి.

వెలుగు చాలలేదని కొందఱు 100 వాట్ల బల్బులు పెట్టుదురు. మాకు ఇది సమ్మతము కాదు. రెండింటికి 16 ఆంపియర్లు మించును. పాతతీగెలు వేడెక్కును, హోల్డరు కరగును, ఎదుటివాని కన్నులు చెదరును. ఫ్యూజు ఊరక పోవుచున్నదని దానిచోట రాగితీగెను చుట్టుట ఇంకను ఘోరము. ఫ్యూజు పోయినదనగా ఎచటనో తీగె తోలు ఒరసికొనిపోయి ఇనుమునకు తగులుచున్నదని అర్థము; ఆ చోటు సాధారణముగా బానెట్టు అంచుననో, దీపపు వెనుక రంధ్రముననో ఉండును.

మిగిలిన లక్షణములు వేగముగా చెప్పవచ్చును. ఒక్క బల్బులో ఒక్క తంతువే వెలుగక, రెండవది పూర్ణకాంతితో ఉన్నచో ఎర్తు మంచిదే. బల్బునో ఆ తీగె ఫ్యూజునో చూడవలెను. రెండుప్రక్కల డిమ్ము పోయి బ్రైటు మిగిలినయెడల డిప్పరు లేక డిమ్ము రిలే. అన్నియు పోయిన స్విచ్చియో, దానికి వచ్చు తీగెయో. క్రొత్తబల్బులు మాటిమాటికి కాలిపోవుచున్నచో, ఇంజను నడచుచుండగా బ్యాటరీవద్ద వోల్టేజి కొలువవలెను. 15 దాటిన దోషము ఛార్జింగుది. హెచ్4 గాజును వ్రేళ్లతో ముట్టరాదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అధికముగా కాగి బల్బు త్వరగా చెడును. ఎల్‌ఈడీ దీపములును, కంప్యూటరు పెత్తనమును గల క్రొత్తకార్లలో తీగెను తీగెకు తాకించి చూచుట కూడదు.

పని ముగిసిన సాయంకాలమున కారును సమతలమున పాఠశాల గోడకు 10 మీటర్ల దూరమున నిలిపి, దీపముల మధ్యమట్టమున సుద్దతో ఒక గీతయు, దానికి 10 సెంటీమీటర్ల క్రింద మఱియొక గీతయు గీచితిమి. డిమ్ము వెలుగు పై అంచు క్రిందిగీతపై నిలుచువఱకు దీపపు మరలను త్రిప్పితిమి. మనము ఎడమప్రక్క నడచువారము గనుక ఎడమచివర ఆ అంచు కొంచెము పైకి వంగుట న్యాయమే. కుడివైపున వంగినచో ఆ దీపము వేఱుదేశపు త్రోవలకు చేయబడినదని గ్రహింపవలెను. ఆ గీతలను మేము ఇంకను చెరిపివేయలేదు. తమ కారునో ట్రాక్టరునో సరిచూచుకొనగోరు తలిదండ్రులు శనివారము ప్రొద్దుగ్రుంకిన తరువాత తీసికొనిరావచ్చును. మీటరు ఆ తొమ్మిదవ తరగతి బాలునియొద్దనే ఉండును.