కవరు ముందు, కార్డు తర్వాత

నేను డిజైన్ చేసిన మొదటి క్రిస్మస్ కార్డులు ఏ కవరులోనూ పట్టలేదు. మొత్తం అరవై కార్డులు. రంగులు కుదిరాయి, అక్షరాలు కుదిరాయి, మడత కూడా బాగానే వచ్చింది. తీరా స్టేషనరీ దుకాణాలన్నీ తిరిగితే ఒక కవరు పావు అంగుళం చిన్నది, ఇంకోటి రెండు అంగుళాలు పెద్దది. చివరికి రెండు రాత్రులు కూర్చుని బ్రౌన్ పేపర్ కత్తిరించి కవర్లు నేనే అంటించాను. కార్డుకు పడ్డ కష్టం కన్నా కవరుకు పడ్డదే ఎక్కువ.

ఆ ఏడాది తెలిసొచ్చిందేమిటంటే, ఈ పని చివరి నుంచి మొదటికి నడవాలి. ముందు కార్డు చేతికి అందాల్సిన తేదీ, తర్వాత కవరు, తర్వాత కాగితం. కంప్యూటర్ ముందు కూర్చోవడం అన్నిటికన్నా ఆఖరు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఇంట్లో కార్డులు చేసి నాలుగు డబ్బులు కళ్లజూడాలనుకునేవాళ్లకు ఈ వరుసలోనే చెబుతాను.

తేదీ: 25 కాదు

మన దగ్గర క్రిస్మస్ డిసెంబరు 25న మొదలవదు. డిసెంబరు మొదటి వారం నుంచే చర్చిల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్‌లు జరుగుతాయి. కారల్స్ బృందాలు ఇల్లిల్లూ తిరుగుతాయి. కార్డు అమ్ముడుపోయేది ఆ రోజుల్లోనే. పండగ రోజుకు మిగిలిన కార్డు చిత్తుకాగితంతో సమానం. పైగా నవంబరు, డిసెంబరుల్లో ప్రింటింగ్ ప్రెస్సులకు కేలండర్లు, డైరీల పని మీద పడుతుంది. ఆ రద్దీలో మీ వంద కార్డుల ఆర్డరు అన్నిటికన్నా అడుగున ఉంటుంది. అందుకని దీపావళి నాటికి డిజైన్, నవంబరు మూడో వారానికి ప్రింటు పూర్తయ్యేలా చూసుకోండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పోస్టులో పంపుతామనే వాళ్లుంటే ఇంకా ముందే ఇవ్వాలి.

కవరు, కాగితం

మీ ఊళ్లో ఏడాది పొడుగునా దొరికే కవరు ఏదో చూసి ముందు ఒకటి కొనండి. కార్డు దానికన్నా పొడవులోనూ వెడల్పులోనూ కనీసం పావు అంగుళం చిన్నగా ఉండాలి. లోపల రిబ్బను, అతికించిన నక్షత్రం లాంటివి ఉంటే మందం పెరుగుతుంది కాబట్టి ఇంకాస్త వదులు ఇవ్వండి.

తర్వాత షీటు లెక్క. కలర్ ప్రింటు వేసే షాపుల్లో ఎక్కువగా కనిపించేవి 12×18, 13×19 అంగుళాల షీట్లు. మడిచాక ఏ6 సైజు కార్డు చేద్దామనుకోండి. విప్పితే అది 210×148 మి.మీ. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపితే 216×154. 12×18 షీటు వెడల్పు సుమారు 305 మి.మీ. పక్కపక్కన రెండు పెట్టాలంటే 308 కావాలి. మూడు మిల్లీమీటర్ల తేడాతో నాలుగు పట్టాల్సిన చోట రెండే పడతాయి, ఖర్చు రెట్టింపవుతుంది. అదే 13×19 షీటులో నాలుగూ పడతాయి. 12×18 మాత్రమే ఉన్న ఊళ్లో కార్డును విప్పినప్పుడు 7.5×5.5 అంగుళాలు ఉండేలా కుదించండి, బ్లీడ్‌తో సహా నాలుగు వస్తాయి. ప్రెస్సు అతన్ని ముందే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, మీ మిషన్‌లో ఏ షీటు పడుతుంది?"

కాగితం 250 నుంచి 300 జీఎస్‌ఎం బాగుంటుంది. ఇంత మందం కాగితాన్ని నేరుగా మడిస్తే మడత దగ్గర రంగు పగులుతుంది. ప్రెస్సులో క్రీజింగ్, అంటే మడత గీతను ముందే నొక్కించడం, చేయించండి. ఇంట్లోనే చేస్తే స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కి, అప్పుడు మడవండి. కాగితాన్ని అటూ ఇటూ కొద్దిగా వంచి చూడండి. ఏ దిక్కున తేలిగ్గా వంగుతుందో ఆ దిక్కునే మడత రావాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

ఫోన్ మాత్రమే ఉంటే క్యాన్వా యాప్ చాలు. ల్యాప్‌టాప్ ఉంటే డబ్బు కట్టక్కర్లేని ఇంక్‌స్కేప్ నేర్చుకోండి. ఇందులో గీసిన గీత ఎంత పెంచినా మసకబారదు. మొదలుపెట్టేముందు చిత్తుకాగితం ఒకటి మడిచి 1, 2, 3, 4 అని పేజీలు వేసి విప్పండి. ముఖచిత్రం కుడి సగంలోకి, వెనక పేజీ ఎడమ సగంలోకి వస్తాయని అప్పుడు కళ్లకు కనిపిస్తుంది. పుస్తకంలా తెరిచే కార్డును రెండు వైపులా ప్రింటు చేసేటప్పుడు, పేజీ అడ్డంగా ఉంటుంది కనుక 'షార్ట్ ఎడ్జ్' ఎంచుకోవాలి. లేకపోతే లోపలి మాటలు తలకిందులవుతాయి.

ఫొటోలు వాడితే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. 7.5×5.5 అంగుళాలకు అది 2250×1650 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో సాధారణంగా దీనికి చాలదు. ఫొటో పంపేవాళ్లను డాక్యుమెంటుగా పంపమనండి. తెర మీద వెలుగులతో మెరిసే ఎరుపు, ఆకుపచ్చ కాగితం మీదికి వచ్చేసరికి కాస్త నలుపెక్కుతాయి. బంగారు రంగు అసలే రాదు, ఆవపిండి రంగు వస్తుంది. బంగారం కావాలంటే ఆ నక్షత్రం ఒక్కటీ గోల్డ్ పెన్నుతో చేత్తో దిద్దండి. ఇంట్లో చేసిన కార్డుకు ఆ చేతిపనే విలువ తెస్తుంది.

తెలుగు అక్షరం దగ్గర జాగ్రత్త

కార్డులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే 'శుభాకాంక్షలు' కాస్తా పిచ్చిగీతలవుతుంది. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అమ్మే కార్డుల మీద వాడినా లైసెన్సు అడ్డు రాదు. ఏ ఫాంటు వాడినా ప్రెస్సుకు పంపే కాపీలో అక్షరాలను గీతలుగా మార్చండి. కోరెల్‌డ్రా వాళ్లు దీన్ని 'కర్వ్స్' అంటారు, ఇంక్‌స్కేప్‌లో 'పాత్'. మార్చని కాపీ ఒకటి మీ దగ్గర దాచుకోండి, తప్పు దిద్దాలంటే అదే దిక్కు. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన నిలబడితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట 'వరల్డ్ రెడీ లేఅవుట్' పెట్టండి.

మన వత్తులు కిందికి వేలాడతాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లిషుకు ఇచ్చే ఎడం సరిపోదు. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. ముదురు ఎరుపు మీద తెల్లటి సన్నక్షరాలు పెడితే వత్తుల్లోకి రంగు నిండిపోతుంది. అక్కడ లావు అక్షరమే వాడండి.

క్రికట్, సిల్హౌట్ లాంటి కటింగ్ మిషన్లు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. ఇంగ్లిషు అక్షరాలను పక్కపక్కన ఆనించి 'వెల్డ్' కొడితే మాటంతా ఒకే ముక్కగా కత్తిరించుకోవచ్చు. తెలుగులో ప, ష, స, హల తలకట్టు అక్షరానికి అంటదు, విడిగా రాలిపోతుంది. చాలా వత్తులదీ అదే దారి. అక్షరాన్నే కన్నంగా కోస్తే సున్నా లోపలి ముక్క కూడా పోతుంది. తలకట్టును, వత్తును చిన్న వంతెన గీసి అక్షరానికి కలపాలి. అంత ఓపిక లేకపోతే మాటలను ప్రింటు చేసి, నక్షత్రాన్నీ గంటనూ మాత్రం మిషన్‌తో కోయండి.

బైబిల్ వాక్యం పెట్టమంటే లూకా 2:14, యెషయా 9:6 ఎక్కువగా అడుగుతారు. జ్ఞాపకం మీద టైపు చేయొద్దు. ప్రొటెస్టెంట్లు, కేథలిక్కులు చదివే అనువాదాల్లో మాటలు వేరుగా ఉంటాయి. కొనేవాళ్లు వాడే బైబిల్ అడిగి, అక్షరం పొల్లుపోకుండా దించండి. ఒక్క అక్షరం తప్పినా ఆ చర్చి నుంచి మళ్లీ ఆర్డరు రాదు.

బొమ్మ ఎవరిది?

గూగుల్‌లో దొరికిన బొమ్మ మీది కాదు. 'ఉచితం' అని రాసి ఉన్నవన్నీ అమ్ముకోవడానికి ఉచితం కావు, షరతులు చదవండి. అంతకన్నా మంచిది మన చుట్టూ చూడటం. మంచు చూడని ఊళ్లో మంచు బొమ్మ ఎందుకు? గుమ్మానికి వేలాడే కాగితపు నక్షత్రం, పశువుల పాక, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి గోపురం, లేదా కొనేవాళ్ల ఊరి చర్చి. మీరే ఫొటో తీసి ఇంక్‌స్కేప్‌లో 'ట్రేస్ బిట్‌మ్యాప్' వాడితే గీతల బొమ్మ వచ్చేస్తుంది. తమ చర్చి ఉన్న కార్డును సంఘంలో వాళ్లు బేరమాడకుండా కొంటారు.

బొమ్మ ఎంత నచ్చినా ప్రింటుకు ముందు నలుగురికి చూపించండి. అమ్మకానికి అచ్చయిన తొలి క్రిస్మస్ కార్డుకే బొమ్మతో తిప్పలు తప్పలేదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి, వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక లేక, చిత్రకారుడు జాన్ హార్స్‌లీతో కార్డు గీయించి సుమారు వెయ్యి అచ్చు వేయించాడు. అందులో చిన్నపిల్ల కూడా ద్రాక్షసారా తాగుతున్నట్టు ఉందని మద్యనిషేధవాదులు మండిపడ్డారు.  

లెక్క

ధర చెప్పేముందు మీ గంటలు కూడా లెక్కలో వేయండి. ఉదాహరణకు ఒక కార్డుకు ప్రింటు 12 రూపాయలు, కవరు 3, క్రీజింగ్ 1, మొత్తం 16 అనుకుందాం. వంద కార్డులకు 1600, పాడయ్యేవాటికి పదో వంతు కలిపితే 1760. డిజైన్‌కు 6 గంటలు, మడిచి సర్దడానికి 5 గంటలు. గంటకు 100 వేసుకుంటే 1100. అంటే కార్డుకు దాదాపు 29 రూపాయలు పడింది. అదే 25 కార్డులే అయితే? డిజైన్‌కు పట్టే గంటలు తగ్గవు కనుక కార్డుకు దాదాపు 47 పడుతుంది. అందుకే వందకు తక్కువ అడిగేవాళ్లకు కొత్త డిజైన్ చేయకండి. ఉన్నదాంట్లోనే పేరు మార్చి ఇవ్వండి. సగం డబ్బు ముందే తీసుకోండి. ఒక్క కార్డు ప్రూఫ్ ప్రింటు తీసి, దాని మీద కొనేవాళ్ల సంతకం పెట్టించుకోండి.

ఇక మీ ఉద్యోగం సంగతి. ఆఫీసు కంప్యూటర్, ఆఫీసు డబ్బు కట్టిన సాఫ్ట్‌వేర్ ఈ పనికి వాడొద్దు. అపాయింట్‌మెంట్ ఆర్డరులో పక్కపని గురించి ఏముందో చదవండి. ప్రభుత్వోద్యోగులు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. మీ కింద పనిచేసేవాళ్లకు మాత్రం అమ్మకండి, వాళ్లు వద్దనలేరు.

చివరిగా, కార్డు లోపల ఎడమ పేజీ ఖాళీగా వదలండి. కొన్నవాళ్లు తమ చేత్తో రెండు మాటలు రాసుకోవడానికి చోటుండాలి. ఇక ఈ సాయంత్రం చేయాల్సింది ఒక్కటే పని. కంప్యూటర్ ఆపి, స్కేలు జేబులో పెట్టుకుని, కవర్లు అమ్మే దుకాణానికి వెళ్లండి.