పాలగడ్డే అనే ముందు

చిరంజీవి అమ్మాయికి,

సర్జరీ ఓపీలో బాలింతల రొమ్ములో గడ్డ చేతికి తగిలితే ఏం చెప్పాలో పాలుపోవడం లేదని రాశావు. ఇన్నేళ్ల వైద్యంలో నాకు ఒంటబట్టింది చెబుతాను.

ముందు ధైర్యం తెచ్చుకో. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ముక్క పరీక్ష (బయాప్సీ) చేసిన గడ్డల్లో సుమారు 80 శాతం ప్రమాదం లేనివే. పాత ఫైబ్రోఎడినోమా హార్మోన్ల వల్ల పెరగవచ్చు. లాక్టేటింగ్ ఎడినోమా పాలు మాన్పించాక చాలావరకు తనంతట తానే తగ్గిపోతుంది. నాళం మూసుకుని పాలు నిలిస్తే గెలాక్టోసీల్. సూదితో లాగితే పాలే వస్తాయి. ఎర్రబడి, సలుపు, జ్వరం ఉంటే మాస్టైటిస్ గానీ చీముగడ్డ గానీ అయివుంటుంది.

అలాగని పరీక్షించకుండా "పాలగడ్డేలే అమ్మా" అని పంపేయకు. సుమారు 3,000 మంది గర్భిణుల్లో ఒకరికి రొమ్ము క్యాన్సర్ బయటపడుతుంది. ఆమెకు వైద్యం ఆలస్యమయ్యేది చాలాసార్లు ఈ మాట వల్లే.

బిడ్డకు పాలిచ్చి రమ్మను. రొమ్ము ఖాళీ అయితే గడ్డ స్పష్టంగా తెలుస్తుంది. పడుకోబెట్టి, చెయ్యి తల కింద పెట్టించి, మూడు వేళ్ల మెత్తని భాగంతో నెమ్మదిగా చూడు; చంక మరిచిపోకు. పాలిచ్చాక తగ్గుతోందా, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని అడుగు.

రెండు వారాలు దాటినా గడ్డ పోకపోతే అల్ట్రాసౌండ్ చేయించు. అందులో రేడియేషన్ ఉండదు. అవసరమైతే మామోగ్రామ్ కూడా తీయించవచ్చు. గర్భిణి అయినా కడుపులో బిడ్డకు చేరే రేడియేషన్ అత్యల్పం. అప్పటికీ అనుమానం తీరకపోతే అక్కడి వరకే మత్తిచ్చి కోర్ బయాప్సీ చెయ్యాలి. సన్నసూది పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోకు. ఈ సమయంలో మామూలు కణాలు కూడా అనుమానాస్పదంగా కనిపిస్తాయి. అందుకే బయాప్సీ ఫారం మీద గర్భిణి అనో, పాలిచ్చే తల్లి అనో తప్పక రాయి.

ఈ పరీక్షల కోసం పాలు మాన్పించనక్కర్లేదు. ఉన్నట్టుండి మాన్పిస్తే పాలు నిలిచిపోయి వాపు ఎక్కువవుతుంది. వెంట వచ్చిన అత్తగారికీ ఇది విడమరచి చెప్పు; కాపడం పెడితే పోతుందని ఇంట్లో ఆపేసేది చాలాసార్లు పెద్దవాళ్లే.

మళ్లీ రావలసిన తేదీ చీటీ మీద నీ చేత్తో రాసివ్వు. ఆ రోజుకు రాకపోతే ఫోన్ చేసి పిలిపించు.

నీ పెద్దమ్మ